ఏజెంటుగారి డైరీ - కంప్యూటరు చిఠ్ఠా

మన సంఘ కుటుంబాలలో బీమా పాలసీ లేని ఇల్లు అరుదు. బీమా ఏజెంటు లేని వీథి అంతకంటె అరుదు. రైల్వేలోనో మిల్లులోనో పనిచేసి రిటైరైన పిమ్మట ఏజెన్సీ పుచ్చుకొన్న పెద్దలు, ఇంటిపట్టున ఉంటూనే వాడలోని వారందరిచేత పాలసీలు కట్టించిన గృహిణులు, తండ్రి ఏజెన్సీని అందుకొని ఒక చిన్న ఆఫీసు, ఇద్దరు గుమాస్తాలు ఏర్పాటు చేసుకొన్న యువకులు - ఇటువంటివారు చెన్నైలో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, బరంపురములోను యానాములోను కూడా ఉన్నారు. అయితే పాలసీ కట్టిన దినానికి, సొమ్ము చేతికి వచ్చే దినానికి నడుమ ఇరవై ఏండ్లో పాతికేండ్లో గడుస్తాయి గదా. అంతకాలము ఆ పాలసీని ఎవరు కనిపెట్టి ఉంటున్నారు, ఎట్లా కనిపెట్టి ఉంటున్నారు అనే సంగతి చాలామందికి తెలియదు.

పూర్వము ఆ పని చేసింది ఏజెంటుగారి డైరీ. ఇప్పుడు చేస్తున్నది కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు. ఏజెన్సీ ఆఫీసులో బల్లముందు కూర్చుని ఈ రెండింటితోను పనిచేసిన గుమాస్తాగా నాకు తెలిసిన నాలుగు మాటలు చదువరులకు మనవి చేస్తాను. ఏజెన్సీ నడిపేవారికి ఎంత పనికివస్తాయో, పాలసీ కట్టే ఇంటివారికీ అంత పనికివస్తాయని నా నమ్మకము.

కొంచెము పూర్వకథ

మన దేశములో ఆధునిక జీవిత బీమా 1818లో కలకత్తాలో, ఓరియంటల్ కంపెనీతో మొదలైంది. మన తెలుగుదేశములో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించారు. 1956 జనవరి 19న ప్రభుత్వము జీవిత బీమా వ్యాపారాన్ని ఆర్డినెన్సు ద్వారా తన చేతిలోకి తీసుకొన్నది. ఆ ఏడే సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. చిన్నవీ పెద్దవీ కలిసి 245 సంస్థలు అందులో లీనమయ్యాయి. అగ్ని, ఓడ, మోటారు మొదలైన సాధారణ బీమా 1973 జనవరి 1 నుంచి నాలుగు ప్రభుత్వ కంపెనీల క్రిందికి వచ్చింది. వాటిలో యునైటెడ్ ఇండియా వారి ప్రధాన కార్యాలయము చెన్నైలోనే ఉన్నది. తరువాత 1999 నాటి చట్టముతో నియంత్రణ సంస్థ ఏర్పడి, 2000 నుంచి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకొన్నాయి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము ఉన్నది హైదరాబాదులో.

ఈ కథ చెప్పడానికి కారణము ఉన్నది. కంపెనీలు పెరిగే కొద్దీ ఏజెన్సీ పని చిక్కుబడింది. ఒకే ఇంటివారికి జీవిత బీమా ఒక కంపెనీలో, ఆరోగ్య బీమా మరొక కంపెనీలో, స్కూటరుకు ఇంకొక కంపెనీలో ఉంటున్నది. ఏ కంపెనీ కంప్యూటరు ఆ కంపెనీ పాలసీలనే చూపిస్తుంది. ఇంటిని ఇల్లుగా చూపించే పుస్తకము ఏ కంపెనీ దగ్గరా లేదు. ఆ పుస్తకమును ఏజెన్సీయే పెట్టుకోవాలి. ఏజెన్సీ సాఫ్ట్‌వేరు పుట్టినది ఈ అవసరము నుంచే.

డైరీ గొప్ప, డైరీ లోపము

పాతకాలపు ఏజెంటుగారి సరంజామా ఏమిటంటే - ఒక లావుపాటి డైరీ, పేరు పేరుకూ ఒక అట్ట కార్డు, ఆ కార్డులు నెలల వారీగా సర్దుకొనే రేకుపెట్టె. డిసెంబరు నెల చివరి వారమంతా పాత డైరీలోని వాయిదా తేదీలను కొత్త డైరీలోకి ఎక్కించుకోవడముతోనే సరిపోయేది. ఆ కార్డు వెనుక పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులుండేవి: “పెద్దమ్మాయి పెండ్లి ఫాల్గుణములో, తొందరపెట్టవద్దు”; “జీతము ఏడవ తేదీ”; “తాతగారికి చెవుడు, గట్టిగా పిలవాలి.” ఇటువంటి గుర్తులు ఏ కంపెనీ దస్తరములోను ఉండవు. డైరీ గొప్ప అంతా అక్కడ ఉన్నది.

లోపము కూడా అక్కడే ఉన్నది. ఆ డైరీ ఒక్కరు చదువగలిగినది. ఆ వ్రాత ఆయనకే తెలియాలి, ఆ గుర్తులు ఆయనకే అర్థము కావాలి. ఆయన మంచమెక్కితే ఆ నెల వాయిదాలు జ్ఞాపకము చేసేవారు లేరు. ఆయన కాలము చేస్తే డైరీ కూడా ఆయనతో పోయినట్లే. పిల్లలు వేరే ఊళ్లలో వేరే ఉద్యోగాలలో ఉంటారు. రేకుపెట్టె అటక ఎక్కుతుంది. బీమావారి పరిభాషలో ఏజెంటు లేకుండా పోయిన పాలసీని ‘ఆర్ఫన్’, అంటే అనాథ పాలసీ అంటారు. పాలసీ చచ్చిపోలేదు, కంపెనీ దానిని కొట్టివేయలేదు, అయినా గుమ్మములోకి వచ్చి “ఏమండీ, ఈ నెల కట్టారా?” అని అడిగే మనిషి లేడు. అటువంటి పాలసీలలో వాయిదాలు ముందుగా తప్పేది ఎవరివంటే, తలిదండ్రులు పెద్దవాళ్లై, పిల్లలు దూరాన ఉన్న ఇండ్లవి.

సాఫ్ట్‌వేరు అనగా ఏమిటి?

పేరు వినగానే భయపడనక్కరలేదు. పూర్వము షావుకార్లు చిఠ్ఠా, ఆవర్జా, రోకడ అని వేరువేరు పుస్తకాలు పెట్టి, ఒక పుస్తకములోని పద్దును మరొకదానిలోకి ఎత్తివ్రాసేవారు గదా. ఏజెన్సీ సాఫ్ట్‌వేరు కూడా నాలుగు పుస్తకాల సమాహారమే.

మొదటిది మనుషుల పుస్తకము. ఇందులో పేరు, పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఫోను నంబరు, కుటుంబములో ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నవి ఉంటాయి. రెండవది పాలసీల పుస్తకము. పాలసీ నంబరు, ఏ కంపెనీ, ఏ పథకము, మొదలైన తేదీ, ఎంత మొత్తము, ఎన్నేండ్లు, వాయిదా నెలకా ఏడాదికా, నామినీ ఎవరు అన్నవి ఇందులో వ్రాసుకొంటారు. మూడవది తేదీల పుస్తకము. దీనిని మనము వ్రాయనక్కరలేదు, మొదటి రెండింటి నుంచి కంప్యూటరే తయారుచేసుకొంటుంది. నాలుగవది సొమ్ము పుస్తకము. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ రోజున కంపెనీకి జమ అయింది, చెక్కు తిరిగి వచ్చిందా, కమీషను ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఆదాయపు పన్ను క్రింద ఎంత పట్టుకొన్నారు - ఈ లెక్కలన్నీ అందులో ఉంటాయి.

ఒకసారి వ్రాసిన పద్దు మళ్లీ వ్రాయనక్కరలేకపోవడమే ఇందులోని సుఖము. ఒక ఇంటివారు పెరంబూరు నుంచి ఆవడికి మారారనుకోండి. పాత పద్ధతిలో ఆ ఇంటి ఆరు కార్డుల మీద ఆరుసార్లు చిరునామా దిద్దాలి. నాలుగు దిద్ది రెండు మరచిపోయే ప్రమాదము ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు ఒకచోట దిద్దితే ఆరు పాలసీలకూ అదే చిరునామా అంటుకొంటుంది.

1960-70 మధ్య జీవిత బీమా సంస్థవారు పెద్ద కంప్యూటర్లు తెప్పించినపుడు, ఉద్యోగాలు పోతాయని గుమాస్తాలు గొప్ప ఆందోళన చేశారు. కలకత్తాలో అది మరీ తీవ్రముగా సాగింది. ఆ భయము అకారణమని నేననను. చేతివ్రాత పుస్తకాలలో పద్దులెత్తే కొలువు ఈనాడు లేదు. కాని ఆ పుస్తకములోని పద్దు సరియైనదా కాదా అని చూచే కన్ను ఇప్పటికీ మనిషిదే. ఆ సంగతి ముందు చెప్తాను.

తెల్లవారితే ఆఫీసులో

పొద్దున్న ఆఫీసు తెరవగానే సాఫ్ట్‌వేరు కొన్ని జాబితాలు మన ముందు పెడుతుంది. అన్నిటికంటె ముందు ఈ వారము కట్టవలసినవారి జాబితా వస్తుంది. నిజానికి దానికంటె ముఖ్యమైనది గ్రేసు రోజులు ముగియబోతున్నవారి జాబితా. జీవిత బీమాలో నెలవారీ వాయిదాకు 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టే వాయిదాకు 30 రోజులు గ్రేసు ఉంటుంది. ఆ రోజులలో మనిషికి ఏదైనా జరిగినా, కట్టవలసిన వాయిదాను పట్టుకొని మిగిలిన సొమ్ము ఇస్తారు. ఆ రోజులు దాటిన మరునాటి నుంచి కథ వేరు. పదిహేను రోజులవారినీ ముప్పై రోజులవారినీ ఒకే జాబితాలో కలిపి చూడకూడదు. నెలవారీ ఇంటివారికి ముందు ఫోను చేయాలి. డైరీలో ఈ తేడా ఏజెంటు మనసులో ఉండేది. సాఫ్ట్‌వేరులో ఒకసారి నియమము వ్రాసి పెడితే దానంతట అదే వేరు చేస్తుంది.

దాని తరువాత లాప్సైన పాలసీల జాబితా చూస్తాము. సాధారణ జీవిత బీమా పాలసీని మొదటి వాయిదా తప్పిన తేదీ నుంచి అయిదేండ్లలోగా మళ్లీ బ్రతికించుకోవచ్చు. వడ్డీ కట్టాలి, ఆరోగ్యము బాగున్నదని వ్రాసివ్వాలి, కొందరికి వైద్య పరీక్ష కూడా కావాలి. రెండేండ్లు ఆలస్యము చేసినవారికి ఈలోగా చక్కెర వ్యాధి వస్తే పని కష్టమవుతుంది. కాబట్టి ఆ జాబితాను ప్రతి నెలా చూడని ఏజెన్సీ సాఫ్ట్‌వేరు కొని దండుగ.

అటుపైన సొమ్ము ఇంటికి రావలసినవారి జాబితా ఉన్నది. మనీబ్యాక్ పాలసీలలో నడుమ నడుమ వచ్చే మొత్తాలు, గడువు తీరి వచ్చే మొత్తాలు ఇందులో చూపిస్తుంది. చివరగా నిన్న తీసుకొన్న సొమ్ము ఇంకా కంపెనీకి చేరనివారి జాబితా చూడాలి. దీనికి చట్టమున్నది. 1938 నాటి బీమా చట్టములోని 64-వి.బి. సెక్షను ప్రకారము ప్రీమియము ముందుగా అందనిదే కంపెనీ పూచీ పడకూడదు. ఏజెంటు వసూలు చేసిన ప్రీమియమును, బ్యాంకు సెలవులు, తపాలా సెలవులు తీసివేసి, ఇరవైనాలుగు గంటలలోగా కంపెనీకి జమకట్టాలి లేదా పంపాలి. నిన్న సాయంత్రము వీథిలో తీసుకొన్న నోట్లు ఇవాళ జేబులోనే ఉంటే ఈ జాబితా ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు చూచి సిగ్గుపడేవాడే మంచి ఏజెంటు.

మోటారు బండి, ఆసుపత్రి పాలసీ

జీవిత బీమా ఏజెంటు ఒక్క నెల మరచిపోయినా సర్దుకొనే దారి ఉన్నది. మోటారు బీమాలో అంత ఉపేక్ష పనికిరాదు. ఇతరులకు కలిగే నష్టానికి బీమా లేకుండా బండి రోడ్డెక్కించడమే 1988 మోటారు వాహనాల చట్టము ప్రకారము నేరము. దానిపైన మరొక చిక్కు వచ్చింది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు ఈ ఇతరుల బీమాను మూడేండ్లకు, కొత్త స్కూటరుకు అయిదేండ్లకు ఒకేసారి కట్టాలి. సొంత బండికి తగిలే దెబ్బల బీమా మాత్రము ఏడాదికే కట్టుకొనే వీలున్నది. అంటే ఒకే బండికి రెండు ముగింపు తేదీలన్నమాట. “అయిదేండ్లకు కట్టేశాము గదండీ” అని నిశ్చింతగా ఉన్నవారి బండి చెట్టుకు గుద్దుకొన్నాక కాని, సొంత బండి బీమా రెండవ ఏటనే ముగిసిందని తెలియదు. మంచి సాఫ్ట్‌వేరు ఒక బండికి రెండు గళ్లు ఇస్తుంది. ఒక్కటే గడి ఉన్న సాఫ్ట్‌వేరు ఈ పనికి చాలదు.

క్లెయిము చేయని ఏడాదులకు సొంత నష్టపు ప్రీమియములో రాయితీ ఉన్నది. అది వరుసగా నూటికి 20, 25, 35, 45, 50 చొప్పున పెరుగుతుంది. పాలసీ ముగిసిన 90 రోజులలోగా మళ్లీ కట్టకపోతే అయిదేండ్ల జాగ్రత్త ఒక్కసారిగా సున్న అవుతుంది. రాయితీకి ముందు ప్రీమియము రూ. 8,000 అనుకొంటే, రూ. 4,000 కట్టేవారు మళ్లీ రూ. 8,000 కట్టవలసి వస్తుంది. 75వ రోజున ఆ ఇంటికి ఫోను చేయమని జ్ఞాపకము చేసే గడియారము ఏజెన్సీలో ఉంటే ఆ రూ. 4,000 మిగులుతాయి.

ఆరోగ్య బీమాలోను ఇదే తంతు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారము ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన కాలము 36 నెలలకు మించరాదు. కాని పాలసీని నడుమ తెగనిస్తే, గడిపిన నెలలు లెక్కకు రాకుండా పోవచ్చు. ముప్పై నెలలు ఓపికపట్టి, ఒక్క వాయిదా తప్పినందుకు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవడము ఎంత కష్టమో అరవై దాటినవారిని అడగండి.

నియమాలు మారినప్పుడల్లా సాఫ్ట్‌వేరు కూడా మారాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు తీసుకొనే జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియములమీద జి.ఎస్.టి. తీసివేశారు. మోటారు బీమాకు తీసివేయలేదు. పట్టిక దిద్దుకోని సాఫ్ట్‌వేరు పాత పన్ను కలిపి ఉత్తరము అచ్చువేస్తుంది. దానిని నమ్మి ఇంటివారు ఎక్కువ సొమ్ము తెస్తారు.

పేర్ల తంటా

ఇక మనకు, అంటే తెలుగుదేశము వెలుపల తరతరాలుగా స్థిరపడినవారికి, ప్రత్యేకమైన తంటా ఒకటున్నది. అదే పేరు.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. తమిళదేశములో ఇంటిపేరు పక్కకు పోయి తండ్రి పేరు మొదటి అక్షరము ముందుకు వస్తుంది. ఆడపిల్లకు పెండ్లి కాగానే ఆ అక్షరము మారి భర్త పేరు అక్షరము వస్తుంది. షోలాపురములో సొంతపేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. మూడు ఊళ్లలో కాపురమున్న మనిషికి మూడు పేర్లు. లిపి సంగతి సరేసరి. తమిళములో క-గ లకు ఒకటే అక్షరము, ప-బ-భ లకు ఒకటే అక్షరము. అక్కడినుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు గోపాలు కోపాలు కావచ్చు, భారతి పారతి కావచ్చు. బరంపురములో ‘వ’ కారము ‘బ’ గానో ‘భ’ గానో పడుతుంది. ఇంగ్లీషులో ‘సీత’ను దక్షిణాదివారు టి పక్కన హెచ్ చేర్చి వ్రాస్తే, ఉత్తరాదివారు ఒట్టి టి తో సరిపెడతారు. లక్ష్మిలోని ‘క్ష’ను కొందరు కె.ఎస్.హెచ్. అనీ, కొందరు ఎక్స్ అనీ వ్రాస్తారు.

కంప్యూటరుకు ఇవన్నీ వేరువేరు మనుషులు. కనుక ఒక్క అమ్మగారే జాబితాలో ముగ్గురుగా కనిపిస్తుంది. దానికి విరుద్ధముగా, ఒకే వీథిలోని ఇద్దరు వెంకటలక్ష్ములను ఒక్కరుగా కలిపివేయడమూ జరుగుతుంది. అప్పుడు ఒకరి గడువు సంగతి మరొకరి ఫోనుకు పోతుంది. అందుచేత పేరునుబట్టి కాక, పుట్టినతేదీ, ఫోను, పాలసీ నంబరు మూడూ కలిపి చూచి, గుమాస్తా ‘ఔను, వీరు వారే’ అని ఒప్పుకొన్న తరువాతే కలిపే సాఫ్ట్‌వేరును ఎన్నుకోవాలి. పాలసీలో పేరు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంచి, ఆధారులో, బ్యాంకు పుస్తకములో ఎట్లా ఉన్నదో పక్కన వ్రాసుకొనే గళ్లు కూడా ఉండాలి. ఈ మూడింటిలో తేడా ఉన్నవారి జాబితా తీసి, మనిషి బ్రతికి ఉండగానే దిద్దించడము ఏజెన్సీ చేయగల గొప్ప ఉపకారము. భర్త పోయిన దుఃఖములో ఉన్న ఇల్లాలు, తన పేరులోని ఒక అక్షరము కోసము నోటరీ చుట్టూ తిరిగే దుస్థితి చూచినవారెవరూ ఈ పనిని చిన్నదనరు.

నామినీ గడి

పెండ్లికాని కుర్రవాడు ఉద్యోగములో చేరగానే పాలసీ కట్టి తల్లిని నామినీగా వ్రాస్తాడు. అది ధర్మమే. తరువాత పెండ్లవుతుంది, పిల్లలు పుడతారు. కార్డుమీద నామినీ గడి మాత్రము అట్లాగే ఉండిపోతుంది. తల్లి ముందుగా కాలము చేసి, ఆపైన అతనికి ఏదైనా జరిగితే, భార్య వారసత్వపు పత్రాలు తెచ్చుకోవలసి వస్తుంది. తల్లి బ్రతికి ఉంటేనో, అత్తాకోడళ్ల నడుమ సొమ్ము ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది. 2015లో బీమా చట్టములోని 39వ సెక్షను సవరించి, తలిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే వారు సొమ్ముకు సొంతదారులే అన్నారు. ఆ పిదప కూడా ఇటువంటి తగాదాలు కోర్టుల దాకా పోతూనే ఉన్నాయి. నామినీని మార్చుకోవడమో, తల్లికింత భార్యకింత అని వంతులు వ్రాయడమో పాలసీదారు చేతిలో పని. ఒక చిన్న ఫారముతో పోయేదానిని కోర్టు దాకా తెచ్చుకోనేల?

సాఫ్ట్‌వేరుకు ఈ ప్రశ్న అడగడము తెలుసు: “పాలసీ తేదీ తరువాత పెండ్లి అయి, నామినీ ఇంకా తల్లి లేక తండ్రిగా ఉన్నవారెవరు?” క్షణములో జాబితా వస్తుంది. మా ఆఫీసులో మొదటిసారి ఆ జాబితా తీసినపుడు కాగితము చాలా పొడుగ్గా వచ్చింది. ఫోను చేస్తే కొందరు నొచ్చుకొన్నారు కూడా. “ఏమండీ గుమాస్తాగారూ, అప్పుడే నా చావు లెక్కలు చూస్తున్నారా?” అని ఒక పెద్దమనిషి అడిగారు. వారమైన తరువాత ఆయనే భార్యను వెంటబెట్టుకొని వచ్చి ఫారము నింపి వెళ్లారు.

పాత కార్డులలోని సొమ్ము

రేకుపెట్టెలోని కార్డులను కంప్యూటరులోకి ఎక్కించే పని విసుగైనది. రోజుకు ముప్పై నలభై కార్డులకంటె శ్రద్ధగా చేయలేము. అయినా ఆ విసుగులో ఫలము ఉన్నది. ఒక ఇంటి మనీబ్యాక్ పాలసీ కార్డు ఎక్కిస్తుండగా నడుమ రావలసిన మొత్తము ఎదుట ‘చెల్లింపు’ అన్న గడి ఖాళీగా కనిపించింది. విచారిస్తే, ఇల్లు మారినందున చెక్కు పాత చిరునామాకు పోయి తిరిగివచ్చిందని తేలింది. ఇంటివారు ఆ సంగతే మరచిపోయారు. బ్యాంకు వివరాలు, గుర్తింపు పత్రము ఇచ్చిన పిమ్మట ఆ సొమ్ము వారి ఖాతాలో పడింది. ఆ ఏడు వారి అబ్బాయి కాలేజీ ఫీజుకు అది అక్కరకు వచ్చింది.

పదేండ్లు దాటినా ఎవరూ అడగని సొమ్మును బీమా కంపెనీలు కేంద్రప్రభుత్వపు వృద్ధుల సంక్షేమనిధికి జమకట్టాలి. అప్పటికీ హక్కు పోదు. నిధికి చేరిన తరువాత మరి ఇరవైఅయిదేండ్ల వరకు అడగవచ్చు. కంపెనీల వెబ్‌సైట్లలో పాలసీ నంబరు, పుట్టినతేదీ వంటి వివరాలు ఇచ్చి, అడగని సొమ్ము ఉన్నదేమో చూచుకొనే వీలున్నది. తాతగారి పెట్టెలో పాత పాలసీ కాగితము దొరికితే చింపివేయకండి. జాతీయకరణకు ముందున్న కంపెనీ పేరు దానిమీద ఉన్నా సరే, ముందు జీవిత బీమా సంస్థ శాఖలో చూపించండి.

మన గుట్టు ఎవరి చేతిలో?

డైరీని ఒక్క ఏజెంటుగారే చదివేవారు. సాఫ్ట్‌వేరులో మన వయస్సు, జబ్బు, జీతము, బ్యాంకు ఖాతా అన్నీ ఉంటాయి, వాటిని ఎందరో చదువవచ్చు. సాఫ్ట్‌వేరు ఏజెన్సీ కంప్యూటరులోనే ఉంటే ఆ కంప్యూటరును కాపాడుకోవాలి. ఇంటర్నెట్టు మీద ఉంటే, అమ్మిన కంపెనీవారి యంత్రములో మన ఇంటి గుట్టు కూర్చున్నట్లు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇటువంటి సమాచారాన్ని కాపాడే బాధ్యతను దానిని సేకరించినవారి మీదనే పెట్టింది. కాపాడనివారికి పడే జరిమానా రూ. 250 కోట్ల వరకు ఉండవచ్చు. చిన్న ఏజెన్సీ అయినా ఎవరి పాస్‌వర్డు వారికి ఉండాలి. ఉద్యోగము మానినవారి పాస్‌వర్డు ఆ సాయంత్రమే తీసివేయాలి. వారానికి ఒకసారి నకలు తీసి వేరుగా భద్రపరచాలి. ఆ నకలును తిరిగి తెరచి చూడని ఆఫీసుకు నకలు ఉన్నదని చెప్పడానికి లేదు.

ఇంటివారికి ఒక హెచ్చరిక. “మీ పాలసీకి బోనసు వచ్చింది, ఫలానా సొమ్ము కడితే విడుదల చేస్తాము” అని నియంత్రణ సంస్థ పేరు చెప్పి ఫోను చేసేవారుంటారు. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు ప్రకటించదు. ఫోను పెట్టివేసి మీ ఏజెంటునో కంపెనీ శాఖనో అడగండి. కంపెనీవారు ఫిర్యాదు వినకపోతే, నియంత్రణ సంస్థవారి ‘బీమా భరోసా’లో వ్రాసుకోవచ్చు. ఆపైన బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఎవరికి ఎంత అవసరము?

వంద పాలసీలున్న ఏజెంటు ఖరీదైన సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. కంప్యూటరులో గళ్ల పట్టిక ఒకటి వేసుకొని, తన కంపెనీ ఇచ్చిన ఏజెంటు యాప్‌ను శ్రద్ధగా వాడితే చాలు. జీవిత బీమా సంస్థవారు 2020లో ‘ఆనంద’ అన్న పేరుతో ఏజెంట్లకు కాగితము లేకుండా కొత్త పాలసీ వ్రాసే సాధనము తెచ్చారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే ఏజెన్సీకి, పలు రకముల బీమా చూచేవారికి సాఫ్ట్‌వేరు అవసరమే.

కొనే ముందు అమ్మేవారిని ఈ ప్రశ్నలు అడగాలి. రేపు మీ సాఫ్ట్‌వేరు మానుకొంటే నా పద్దులన్నీ నాకు పట్టికగా తీసి ఇస్తారా? నియమాలు మారినపుడు పట్టికలు ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజులలో? కంపెనీ పంపే కమీషను పట్టీతో నా లెక్కను సరిపోల్చి తేడాలు చూపిస్తుందా? జ్ఞాపకపు ఉత్తరము తెలుగులోను, తమిళములోను, కన్నడములోను, ఒడియాలోను అచ్చవుతుందా? మన ఇండ్లలో బామ్మగారు తెలుగు చదువుతారు, మనుమడు తమిళమో కన్నడమో చదువుతాడు. ఉత్తరము చదివేది ఎవరో వారి లిపిలో ఉంటేనే వాయిదా కట్టబడుతుంది. మొదటి ప్రశ్నకు ‘ఔను’ అని వ్రాసి ఇవ్వనివారి దగ్గర మిగిలిన ప్రశ్నలు అడగనక్కరలేదు.

సందేశము పంపడముతో పని తీరిందనుకొనే ఏజెన్సీలు కూడా తయారయ్యాయి. “డియర్ కస్టమర్” అని వచ్చిన సందేశాన్ని మన పెద్దవాళ్లు దొంగ సందేశమనుకొని చూడరు. గ్రేసు రోజులు సగము దాటాక మనిషి ఫోను చేయాలి. దానికీ పలకకపోతే ఇంటికి వెళ్లాలి. కార్డు వెనుక పెన్సిలుతో వ్రాసిన ఆ చిన్న గుర్తుల కోసము కూడా సాఫ్ట్‌వేరులో ఒక గడి పెట్టుకోవాలి.

ఇంటివారు చేయవలసినది

ఏజెన్సీ ఎంత బాగున్నా, ఇంటి పాలసీలకు ఇంట్లోనే ఒక కాగితము ఉండాలి. ఒక తెల్లకాగితము తీసుకొని పాలసీ నంబరు, కంపెనీ, శాఖ, ఎవరి పేరున ఉన్నది, ఎంతకు, వాయిదా తేదీ, ముగింపు తేదీ, నామినీ, ఏజెంటు పేరు, ఫోను అన్నీ వ్రాయండి. 2024 ఏప్రిల్ నుంచి కొత్త పాలసీలు కంప్యూటరు రూపములోనే జారీ అవుతున్నాయి. చేతికి కాగితము రానివారు ఇది మరింత శ్రద్ధగా వ్రాసుకోవాలి. ఆ కాగితము ఎక్కడ ఉన్నదో ఇంటి ఇల్లాలికి, పెద్దపిల్లలకు తెలియాలి. ఏడాదికొకసారి, ఉగాదినాడు పంచాంగము విన్న తరువాత, దానిని తీసి ఏజెన్సీ ఇచ్చిన జాబితాతో సరిచూచుకోండి. మీ కుటుంబపు జాబితా అచ్చువేసి ఇమ్మని అడగడము మీ హక్కు. సాఫ్ట్‌వేరు ఉన్న ఏజెన్సీకి అది రెండు నిమిషాల పని.

మన సంఘములో కంప్యూటరు తెలిసిన యువతీ యువకులకు కొదువలేదు. నెలకొక ఆదివారము సంఘభవనములో రెండు గంటలు కూర్చుని, పెద్దలు తెచ్చిన పాలసీ కాగితాలు చూచి, వారికి ఈ ఒక్క పేజీ వ్రాసిపెడితే చాలా మేలు. పాస్‌వర్డులు, బ్యాంకు రహస్య సంఖ్యలు మాత్రము ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. కార్యవర్గమువారు ఈ సూచనను ఆలోచించి, రాబోయే సమావేశములో ఒక ఆదివారమును నిర్ణయించ ప్రార్థన.